టెక్ సందేహాలు: శాంతి దళానికి వెళ్లే జవానుకు స్మార్ట్‌వాచీ ఎందుకొద్దు?

ప్రశ్న: మా అబ్బాయి ఆర్మీలో జవాను. ఐక్యరాజ్యసమితి శాంతి దళంలో దక్షిణ సూడాన్ వెళ్తున్నాడు. జీపీఎస్ ఉన్న స్మార్ట్‌వాచీ కొనిచ్చాం. యూనిట్‌లో వద్దంటున్నారట. ఫోన్‌లో లొకేషన్ ఆఫ్ చేస్తే చాలదా? – ఒక తండ్రి, విజయనగరం

జవాబు: చాలదండీ. సైనికుల ఇళ్ల నుంచి ఈ ప్రశ్న పదేపదే వస్తోంది కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను. మీరు ఆఫ్ చేసేది ఫోన్‌లోని లొకేషన్. వాచీలో జీపీఎస్ చిప్ వేరే ఉంటుంది. పొద్దున పరుగెత్తిన దారంతా అది దాచుకుని, నెట్ అందగానే కంపెనీ సర్వర్‌కు పంపేస్తుంది.

2017 నవంబరులో ఒక ఫిట్‌నెస్ యాప్, తన వినియోగదారులు తిరిగిన దారులన్నీ కలిపి ప్రపంచ పటం విడుదల చేసింది. అందులో ఎవరి పేరూ లేదు. 2018 జనవరిలో ఆస్ట్రేలియా విద్యార్థి ఒకరు సిరియా, అఫ్గానిస్థాన్ ప్రాంతాలను పెద్దవి చేసి చూశాడు. చుట్టూ చీకటి, మధ్యలో వెలుగు గీతలు. అక్కడ ఆ యాప్ వాడేది ఎక్కువగా విదేశీ సైనికులే. ప్రహరీ వెంట రోజూ పరుగెత్తడంతో స్థావరం ఆకారమే బయటపడింది. ఆ ఆగస్టులో అమెరికా రక్షణ శాఖ, విధి నిర్వహణ ప్రాంతాల్లో లొకేషన్ చెప్పే పరికరాలు, యాప్‌లు వాడొద్దని ఆదేశించింది.

నాకు అసలు టెన్షన్ ఇక్కడే. ఒక దేశం నిషేధిస్తే ఏం లాభం? ఒకే శిబిరంలో నాలుగైదు దేశాల దళాలుంటే, నియమం లేని దేశపు జవాను వాచీ గీసిన గీత అందరి ప్రహరీనీ చూపిస్తుంది. మీవాడు ఎంత జాగ్రత్తగా ఉన్నా పక్క బ్యారక్ వాళ్ల నిర్లక్ష్యానికి బలి కావాల్సిందే. బహుళదేశాల దళం బయల్దేరే ముందే ఫోన్లకూ వాచీలకూ అందరికీ ఒకే నియమం రాసుకోవాలి.

పరికరం పక్కన పెట్టినా మనుషులున్నారు. లాత్వియా రాజధాని రీగాలో నాటో గుర్తింపు ఉన్న ఒక పరిశోధన కేంద్రం, సైనికులు ఏమేం బయటపెడతారో తేల్చేందుకు సైనిక విన్యాసాల సమయంలో నకిలీ ఫేస్‌బుక్ పేజీలు, గ్రూపులు పెట్టి చూసింది. ఫలితాలు 2019లో బయటికొచ్చాయి. ఖర్చు 60 డాలర్లు. దాదాపు 150 మంది సైనికుల వివరాలు, కొన్ని బెటాలియన్లు ఉన్న చోట్లు తెలిసిపోయాయి. అందుకే మీకూ చెబుతున్నాను, అబ్బాయి పంపిన శిబిరం ఫొటోలను స్టేటస్‌లో పెట్టకండి.

ఈ వాచీల తయారీదారుల మీద నాకు నిజంగా కోపం ఉంది. కొన్నిటిలో మొదటి నుంచే సెట్టింగ్ ‘అందరికీ కనిపించేలా’ ఉంటుంది. మార్చాలంటే ఐదారు మెనూలు దిగాలి. ‘ఇంటి చుట్టుపక్కల దాచు’ అనే సదుపాయం ఇస్తారు, కానీ నాలుగు పరుగుల దారులు కలిపి చూస్తే ఆ దాచిన వలయం కేంద్రం ఎక్కడో లెక్కకట్టొచ్చని పరిశోధకులు ఎప్పుడో చూపించారు. అప్‌డేట్ వచ్చి సెట్టింగ్ మళ్లీ మొదటికొస్తే ఆ సంగతి మీకు చెప్పేవాళ్లే ఉండరు. ఎవరికీ కనిపించకుండా సెట్టింగ్‌కు తాళం వేసి అమ్మడానికి వీళ్లకేం అడ్డం?

ప్రశ్న: సైనిక నెట్‌వర్క్ ఇంటర్నెట్‌కే కలవదు కదా, వైరస్ ఎలా వస్తుంది? – మాజీ సైనికుడు, సికింద్రాబాద్

జవాబు: పెన్‌డ్రైవ్‌తో. 2008లో పశ్చిమాసియాలోని అమెరికా స్థావరంలో ఒక ల్యాప్‌టాప్‌కు పెన్‌డ్రైవ్ పెడితే, దాంట్లోని వైరస్ రహస్య నెట్‌వర్క్‌లకూ పాకింది. శుభ్రం చేయడానికి నెలల తరబడి పట్టింది. కొంతకాలం పెన్‌డ్రైవ్‌లే నిషేధించారు.

నిషేధం ఒక్కటే మందు కాదు. అఫ్గానిస్థాన్‌లో నాటో నడిపిన బహుళదేశాల దళంలో మొదట్లో ఏ దేశం నెట్‌వర్క్ దానిదే. కలిసి పోరాడేవాళ్లకు ఒకరి సమాచారం ఒకరికి చేరే దారి లేకపోతే, ఎవరో ఒకరు పెన్‌డ్రైవ్ తీస్తారు. 2010లో అందరికీ ఉమ్మడి నెట్‌వర్క్ వచ్చాకే పని సాఫీ అయింది. ఆ అనుభవంతోనే నాటో ఇప్పుడు దేశాలు తమ నెట్‌వర్క్ తామే తెచ్చుకుని, ముందే ఒప్పుకున్న ప్రమాణాల ప్రకారం కలిపే పద్ధతి పెట్టింది. పోలండ్‌లోని బిడ్గోష్చ్‌లో ఏటా జరిగే విన్యాసంలో ఆ వ్యవస్థలు ఒకదానితో ఒకటి సరిగ్గా మాట్లాడుకుంటున్నాయో లేదో పరీక్షిస్తారు. అక్కడ తేలిన లోపాలను సరిదిద్దకుండా ఎవరి నెట్‌వర్క్‌నూ యుద్ధరంగంలో కలపనివ్వకూడదు. అది ఎంత పెద్ద దేశానిదైనా సరే.