ఏడెన్ రేవులో ఆ రాత్రి నేను చూసింది గేజీలే

"నేవీలో ఇన్నేళ్లు చేశారు కదా, యుద్ధం జరిగే చోటికి వెళ్తే భయం వేయలేదా?" అని ఒకరు అడిగారు. నేను 1994లో ఒడిశాలోని చిల్కా నేవీ శిక్షణ కేంద్రంలో చేరాను. లోనావాలాలోని ఐఎన్‌ఎస్ శివాజీలో ఇంజిన్ పని నేర్చుకున్నాను. మొత్తం 24 ఏళ్లు. ఇప్పుడు సైనిక్‌పురిలో ఉంటున్నా. నిజం చెప్పాలంటే, అందులో ఎక్కువ కాలం ఫిల్టర్లు మార్చడానికీ, సెలవు కోసం ఎదురుచూడడానికే సరిపోయింది.

యుద్ధం దగ్గరికి వెళ్లింది 2015 మార్చి 31న, యెమెన్‌లో. మా ఐఎన్‌ఎస్ సుమిత్ర నేవీలోకి వచ్చి అప్పటికి ఏడు నెలలు కూడా నిండలేదు. సముద్రపు దొంగల కోసం ఏడెన్ సింధుశాఖలో గస్తీ తిరుగుతుంటే, యెమెన్ రేవు పట్టణమైన ఏడెన్‌లో చిక్కుకున్న మనవాళ్లను ఎక్కించుకోమని ఆర్డర్ వచ్చింది.

ఏడెన్ ఎలా ఉందని అందరూ అడుగుతారు. నేను చూడలేదండీ! నా డ్యూటీ కింద ఇంజిన్ రూమ్‌లో. పైన పేలుళ్లని చెప్పారు కానీ, రెండు డీజిల్ ఇంజిన్ల రొదలో నాకేం వినబడుతుంది? నా కళ్లన్నీ లూబ్ ఆయిల్ ప్రెషర్ గేజీ మీదే, అంటే ఇంజిన్‌కి కందెన నూనె ఎంత ఒత్తిడితో అందుతోందో చూపేది. ఆ ముల్లు కిందికి జారితే ఇంజిన్ ఆగిపోయి, ఎక్కించుకున్న 349 మందితో సహా ఆ రేవులోనే ఉండిపోతాం. అరచేతులు చెమటలు పట్టింది దానికే.

బయటపడ్డాక పైకి వచ్చాను. అడుగు పెట్టే సందు లేదు. మా బంకులు ఆడవాళ్లకీ పిల్లలకీ ఇచ్చేశాం. నా బంక్‌లో ఓ చిన్నపాప బూట్లతోనే నిద్రపోతోంది. దుప్పటికి మట్టి అంటిందని వాళ్లమ్మ ఒకటే నొచ్చుకుంటోంది. ఆ ఉర్దూ వినగానే "హైదరాబాదా అమ్మా?" అన్నాను. బార్కస్ అట! నిజాం సైన్యంలో పని చేయడానికి యెమెన్ నుంచి వచ్చిన అరబ్బుల బారక్సే కదా ఆ బార్కస్. తాతలు వచ్చిన దారినే మనవరాలు మా ఓడెక్కి వస్తోంది.

మర్నాడు అందరినీ సముద్రానికి అవతల, ఆఫ్రికాలోని జిబౌటీలో దించాం. అక్కడి నుంచి విమానాలు. మేం మళ్లీ యెమెన్‌లోనే ఇంకో రేవు, హొదైదా వైపు. ఈ తరలింపు పేరు ఆపరేషన్ రాహత్. అది ముగిసేసరికి యెమెన్ నుంచి 4,640 మంది మనవాళ్లూ, 41 దేశాలకు చెందిన మరో 960 మందీ బయటపడ్డారు.

టెన్షన్ అంటే మా ఆవిడది. టీవీలో మా ఓడ పేరు కనబడగానే, మా అమ్మ చూడకుండా రిమోట్ తీసి బియ్యం డబ్బాలో దాచిందట. నేను ఫోన్ చేసేదాకా ఇంట్లో టీవీ పెట్టలేదు.