ఫుల్ టైమ్ జాబ్‌కి వెళ్తే నెలకి నిజంగా మిగిలేది ఎంత?

ఉప్పల్ నుంచి ఒక అమ్మాయి రాశారు. వయసు 34, బీకాం చదివారు, భర్త పోయి మూడేళ్ళయింది, పాపకి 8, బాబుకి 4. ఇంటి దగ్గరే ఒక క్లినిక్‌లో పొద్దున 8:30 నుంచి 1 దాకా రిసెప్షన్ చూస్తారు, 12,000 ఇస్తారు, పీఎఫ్ లేదు ఏమీ లేదు. ఇప్పుడు బేగంపేటలో ఒక కంపెనీ అకౌంట్స్‌లో ఫుల్ టైమ్ ఆఫర్ వచ్చింది, 30,000 జీతం, 10 నుంచి 7 దాకా, 15వ తేదీలోపు చెప్పమన్నారు. ఇంటి ఖర్చు స్కూల్ ఫీజులతో కలిపి నెలకి 24,000, అన్నయ్య 5,000 పంపిస్తాడు, తగ్గిన 7,000 భర్త తాలూకు 8 లక్షల ఎఫ్‌డీలోంచి తీస్తున్నారు. "అందరూ చేరిపో అంటున్నారు, నాకు పిల్లల్ని వదిలి అంతసేపు ఉండాలంటే భయంగా ఉంది, నేను తప్పుగా ఆలోచిస్తున్నానా?" అని అడిగారు.

లేదమ్మా, మీరు తప్పుగా ఏం ఆలోచించట్లేదు. 12,000 ఎక్కడ 30,000 ఎక్కడ అని పైపైన చూసి అందరూ చేరిపో అంటున్నారు, కానీ ఆ 30,000 మీ చేతికి వచ్చి ఇంట్లో ఎంత మిగులుతుందో ఎవరూ లెక్క వేసినట్టు లేదు, మనం వేద్దాం.

ఆఫర్ లెటర్‌లో బేసిక్ 15,000 అని ఉంది కదా, అందులో 12 శాతం అంటే 1,800 పీఎఫ్‌కి పోతుంది, ప్రొఫెషనల్ టాక్స్ 200, చేతికి వచ్చేది 28,000. ఇన్‌కమ్ టాక్స్ గురించి భయపడ్డారు గానీ ఈ జీతానికి ఒక్క రూపాయి కూడా పడదు, కొత్త టాక్స్ రెజీమ్‌లో 12 లక్షల ఆదాయం దాకా టాక్స్ లేదు. ఇప్పటి కంటే 16,000 ఎక్కువ, బానే ఉంది. ఇప్పుడు ఖర్చు చూడండి. మీరు రాసిన రేట్లే తీసుకుంటున్నాను. బాబు మధ్యాహ్నం ఎల్‌కేజీ నుంచి వస్తే రాత్రి 8 దాకా డేకేర్ 5,500, పాప 3:30 నుంచి 8 దాకా 3,000, ఇప్పుడు మీరే నడిచి తీసుకొస్తున్నారు, అప్పుడు వ్యాన్ కావాలి, ఇద్దరికీ 1,800. దసరా సెలవులు, సంక్రాంతి, వేసవి సెలవుల్లో రోజంతా ఉంచుకుంటే ఎక్స్‌ట్రా అడుగుతారు, దానికి నెలకి 1,000 పక్కన పెట్టండి. రాత్రి 8కి ఇల్లు చేరి వంట మొదలుపెట్టలేరు, వారంలో రెండు మూడు సార్లు కర్రీ పాయింటే గతి, దానికో 1,500. మొత్తం 12,800. బస్సు మాత్రం మహాలక్ష్మి స్కీమ్ వల్ల ఆడవాళ్ళకి ఫ్రీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో కూడా జీరో టికెట్టే, అదొక్కటే ఊరట.

అంటే మిగిలేది 3,200. ఇప్పుడు మీరు రోజుకి ఐదు గంటలు బయట ఉంటున్నారు, అప్పుడు ప్రయాణంతో కలిపి పదకొండు. నెలకి 26 రోజులు, రోజుకి ఆరు గంటలు చొప్పున 156 గంటలు ఎక్కువ. పీఎఫ్‌లో మీ 1,800, కంపెనీ వాటాలో మీ ఖాతాలో పడే 550 కూడా కలిపినా గంటకి 36 రూపాయలు దాటట్లేదు. కంపెనీ వాటాలో ఇంకో 1,250 పెన్షన్ ఫండ్‌కి వెళ్తుంది, కాదనను, కానీ అది పదేళ్ళ సర్వీస్ ఉంటే 58కి వచ్చే మాట.

అయినా ఆ 3,200ని నేను తక్కువ చేసి మాట్లాడను. ఇప్పుడు ఎఫ్‌డీలోంచి ఏడాదికి 84,000 తీస్తున్నారు, 6.5 శాతం వడ్డీ అనుకున్నా వచ్చేది 52,000, అంటే ప్రతి ఏడాదీ అసలులో 32,000 కరుగుతోంది, ఫీజులు పెరిగితే ఇంకా స్పీడుగా కరుగుతుంది. మీ అసలు సమస్య ఇది, జాబా పిల్లలా అన్నది కాదు. ఆ అసలు కరగకుండా ఆపాలి. దానికి ఈ జాబ్ ఒక్కటే దారా అని అడిగితే కాదు అంటాను.

మీ లెటర్‌లో ఒక విషయం దగ్గర ఆగిపోయాను. మీ వారు ప్రైవేట్ కంపెనీలో పనిచేస్తూ పోయారు, పీఎఫ్ డబ్బులు, ఇన్సూరెన్స్ డబ్బులు వచ్చాయి అన్నారు, పెన్షన్ గురించి ఒక్క ముక్క కూడా లేదు. సర్వీసులో ఉండగా చనిపోయిన ఈపీఎస్ (పీఎఫ్‌తో పాటు ఉండే పెన్షన్ స్కీమ్) సభ్యుడి భార్యకి పెన్షన్ వస్తుంది, దీనికి పదేళ్ళ సర్వీస్ రూల్ లేదు, ఒక్క నెల కంట్రిబ్యూషన్ కట్టినా చాలు. ఇద్దరు పిల్లలకీ ఒక్కొక్కరికి మీ పెన్షన్‌లో 25 శాతం, వాళ్ళకి 25 ఏళ్ళు వచ్చేదాకా. మీ వారి జీతం, సర్వీస్ బట్టి ఎంత అన్నది తేలుతుంది, కానీ కనీసం మీకు 1,000, పిల్లలకి చెరో 250, అంటే నెలకి 1,500 తగ్గదు. చనిపోయిన మర్నాటి నుంచి లెక్క కడతారు కాబట్టి ఆగిపోయిన మూడేళ్ళది కనీసం 54,000 రావాలి. చాలామంది పీఎఫ్ సొమ్ము వచ్చేసరికి అంతా అయిపోయింది అనుకుని ఇది వదిలేస్తారు, నాకు అదే బాధ. పెన్షన్ కోసం ఫారం 10-డి నింపి, డెత్ సర్టిఫికెట్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, ఆధార్, బ్యాంక్ పాస్‌బుక్ పెట్టి పాత కంపెనీ ద్వారా పీఎఫ్ ఆఫీసుకి పంపించండి, కంపెనీ వాళ్ళు పట్టించుకోకపోతే మీరే ఆఫీసుకి వెళ్ళి అడగండి, కాగితం ఇచ్చినట్టు అక్‌నాలెడ్జ్‌మెంట్ లేకుండా మాత్రం బయటికి రావద్దు.

రెండోది మీ బీకాం. ట్యాలీ వచ్చు, పెళ్ళికి ముందు ఆడిటర్ దగ్గర చేశాను అని రాశారు. ఉప్పల్, రామంతాపూర్ చుట్టుపక్కల ఎన్ని షాపులు, ప్రతి నెలా జీఎస్‌టీ రిటర్న్‌ల కోసం, 11కి జీఎస్‌టీఆర్-1, 20కి 3బీ అని పరుగులు పెడుతుంటారు. రెండు షాపుల బిల్లులు ఎంట్రీ చేసి రిటర్న్‌లు వేస్తే, చెరో 2,000 ఇచ్చినా నెలకి 4,000, అదీ ఇంట్లో కూర్చుని, పిల్లలు హోమ్‌వర్క్ చేసుకునే టైమ్‌లో. పెన్షన్ 1,500, ఇది 4,000, మొత్తం 5,500. ఫుల్ టైమ్‌లో మిగిలే 3,200 కంటే ఎక్కువే, మీరు తీస్తున్న 7,000 కాస్తా 1,500కి దిగుతుంది, అది ఎఫ్‌డీ వడ్డీలోనే సరిపోతుంది, అసలు జోలికి వెళ్ళక్కర్లేదు. అన్నయ్య 5,000 ఎల్లకాలం వస్తుందని మాత్రం రాసి పెట్టుకోవద్దు, ఆయనకీ సంసారం ఉంది, అందుకే మూడో షాపు కూడా వెతకమంటాను.

కంపెనీ వాళ్ళకి నో చెప్పే ముందు ఒక్క మాట అడిగి చూడండి. 9:30 నుంచి 5 దాకా అయితే 26,000కే చేస్తాను అనండి, బేసిక్ మాత్రం అదే 15,000 ఉంచమనండి. అప్పుడు చేతికి 24,000, మీరు 6కల్లా ఇల్లు చేరతారు కాబట్టి డేకేర్, వ్యాన్, బయట తిండి అన్నీ కలిపి 9,800లో అయిపోతుంది, చేతిలో ఉండేది 14,200. 30,000 జీతంలో ఉండేది 15,200. జీతం 4,000 తగ్గినా ఇంటికి తగ్గేది వెయ్యి, ఆ వెయ్యికి రోజూ సాయంత్రం రెండు గంటలు వస్తున్నాయి, అన్నం తినిపించే టైమ్, చదివించే టైమ్ అదే కదా. దీనికి ఒప్పుకుంటే నేను చేరమంటాను. 50 మంది, ఆపైన పనిచేసే చోట క్రెష్ (చిన్నపిల్లల్ని చూసుకునే చోటు) ఉండాలని 2017 నుంచి చట్టం ఉంది, అదీ అడగండి, సెలవుల్లో బాబుకి పనికొస్తుంది. వైద్యం ఖర్చుకి ఈఎస్ఐ వర్తిస్తుందా, లేకపోతే గ్రూప్ హెల్త్ ఇన్సూరెన్స్ పిల్లలకి కూడా ఇస్తారా అని అడగడం మర్చిపోవద్దు. ఒప్పుకోకపోతే బాబు ఫస్ట్ క్లాస్‌కి వచ్చేదాకా ఆగండి, రెండేళ్ళే. అప్పుడు వాడూ 3:30 దాకా స్కూల్లో ఉంటాడు, డేకేర్ ఖర్చు దిగుతుంది, షాపుల పని చేసి ఉంటారు కాబట్టి గ్యాప్ అని కూడా ఎవరూ అనలేరు.

ఏది చేసినా కొన్ని పనులు ఈ వారంలోనే అయిపోవాలి. పిల్లలకి ఇప్పుడు ఉన్నది మీరొక్కరే, మీకేమైనా అయితే అన్న మాట రాయడానికి నాకూ కష్టంగానే ఉంది, కానీ తప్పదు. మీ బ్యాంకులోనే 436 రూపాయల జీవన జ్యోతి, 20 రూపాయల సురక్షా బీమా తీసుకోండి, చెరో 2 లక్షల కవర్, రెండోది యాక్సిడెంట్‌కి. టర్మ్ పాలసీకి కూడా అడగండి, ఆదాయం చూసే కవర్ ఇస్తారు కాబట్టి ఎంత ఇస్తే అంత తీసుకోండి, ఇప్పుడు దాని మీద జీఎస్‌టీ కూడా లేదు. నామినీగా పిల్లల పేర్లు పెడితే వాళ్ళు మైనర్లు, వాళ్ళ తరఫున డబ్బు తీసుకునే అపాయింటీగా అన్నయ్య పేరు రాయండి. పాపకి పదేళ్ళు నిండేలోపు పోస్టాఫీసులో ఆడపిల్లల పొదుపు స్కీమ్ సుకన్య ఖాతా తెరవండి, ఏడాదికి 250 కట్టినా నడుస్తుంది, పదేళ్ళు దాటాక మాత్రం తెరవనివ్వరు.

ముందు హెచ్ఆర్‌కి ఫోన్ చేయండి, 15 దాకా ఆగొద్దు. వాళ్ళు టైమింగ్స్ గురించి ఏమన్నారో, మీ వారి పీఎఫ్ పాస్‌బుక్‌లో సర్వీస్ ఎన్నేళ్ళు ఉందో, ఆఖరి జీతం ఎంతో నాకు రాయండి, పెన్షన్ ఎంత రావచ్చో చూసి లెక్క మళ్ళీ వేద్దాం.