అటక మీద జాడీ, నోట్లో క్యాప్, మధ్యలో చెవి

"తల తిరిగినప్పుడల్లా దవడ బిగుసుకుపోతోంది, పళ్ల డాక్టరేమో టెన్షన్ అంటున్నారు, చెవికీ దవడకీ సంబంధం ఉందా?" అని మీలో ఒకరు అడిగారు. ఉంది. నా పన్నే సాక్ష్యం.

నాలుగేళ్ల కిందటి వేసవి. కొత్తావకాయకి మా అత్తగారి పెద్ద జాడీ కావాల్సి వచ్చింది. అదేమో వంటింటి అటక మీద. స్టూలెక్కి, తల పైకెత్తి కుడివైపుకి తిప్పి, జాడీని రెండు చేతులా పట్టుకున్నానో లేదో ఇల్లంతా గిర్రున తిరిగింది. ఎండలో నిలబడితే కళ్లు తిరుగుతాయే, అలా కాదు. గోడ మీది క్యాలెండరు ఒక పక్కకి జారిపోతుంది, మళ్లీ మొదటికొస్తుంది, మళ్లీ జారిపోతుంది. జాడీ వదిలితే అది పగులుతుంది, వదలకపోతే నేను పడతాను. పళ్లు గట్టిగా బిగపట్టాను. కటుక్కుమంది.

అర నిమిషంలో అంతా సర్దుకుంది. రూట్ కెనాల్ చేసిన పన్నుకి వేయించిన క్యాప్ రెండు ముక్కలై నాలుక మీదికొచ్చింది. గుమ్మంలోంచి అత్తగారు "జాడీకేం కాలేదు కదమ్మా?" అన్నారు.

తర్వాత మూడు నెలల తిరుగుడు. పళ్ల డాక్టరు "నిద్రలో పళ్లు కొరుకుతున్నారు, స్ట్రెస్ తగ్గించుకోండి" అని నైట్ గార్డ్, అంటే రాత్రి పళ్లకి పెట్టుకునే తొడుగు, అంటగట్టారు. ఇంకో డాక్టరు మెడ ఎక్స్‌రే తీయించి స్పాండిలైటిస్ అని కాలర్ వేయించారు. పక్కింటావిడ పైత్యం అంది. మావారు గ్యాస్ అన్నారు. మనవైపు ఆడవాళ్లకి ఏమొచ్చినా గ్యాసో టెన్షనో తప్ప మూడోది ఉండదు. "ఏ పక్కకి తిరిగితే వస్తోంది?" అని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు. నాకు మాత్రం అప్పటికే తెలుసు, పొద్దున మంచం మీద కుడివైపు ఒత్తిగిల్లితే చాలు.

చివరికి ఒక ఈఎన్‌టీ డాక్టరు బల్ల మీద కూర్చోబెట్టి, నా తల కుడివైపుకి తిప్పి, ఒక్కసారిగా వెనక్కి పడుకోబెట్టారు. తల బల్ల అంచు దాటి కిందికి వేలాడింది. గది తిరిగింది, పళ్లు బిగిశాయి. ఆయన నా కళ్లలోకే చూస్తూ "కుడి చెవేనమ్మా" అన్నారు. తర్వాత "ముందు ఆ పళ్లు వదలండి, ఇంకో క్యాప్ పోతుంది" అన్నారు. ఆ పరీక్ష 1952 నుంచీ ఉందట. నిమిషం పట్టలేదు, ఎక్స్‌రే అక్కర్లేదు.

జబ్బు పేరు బీపీపీవీ, అంటే తల ఒక పక్కకి తిప్పితే కాసేపు కళ్లు తిరిగే జబ్బు. పేరులో బీపీ ఉందని మావారు ఆ సాయంత్రమే బీపీ మిషన్ కొనుక్కొచ్చారు. దీనికీ రక్తపోటుకీ సంబంధం లేదండీ. లోపలి చెవిలో భూమి ఎటుందో కనిపెట్టే రెండు చిన్న సంచులుంటాయి. వాటిలో కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు, సున్నపురాయి జాతివే, ఉంటాయి. అవి ఊడి పక్కనున్న అర్ధవృత్తాకార నాళంలోకి జారితే, తల కదిలినప్పుడల్లా లేని తిరుగుడు ఉన్నట్టు మెదడుకి కబురు వెళ్తుంది. డాక్టరు తలని వరసగా తిప్పుకుంటూ వాటిని వెనక్కి దొర్లిస్తారు. ఎప్లీ అనే అమెరికన్ డాక్టరు కనిపెట్టిన పద్ధతి. నాకు రెండు సిట్టింగులతో పోయింది.

ఇక దవడ సంగతి. చెవిలో వేలు పెట్టి నోరు తెరిచి మూయండి, కీలు కదలడం వేలికే తెలుస్తుంది. అంత ఇరుగుపొరుగు. లోపలి వైరింగు ఇంకా దగ్గర. చెవి నుంచి ఒంటి తూకం చూసే నరం మెదడు కాండంలోకి వెళ్తుంది, నమిలే కండరాల్ని నడిపే అయిదో కపాల నరం అక్కడి నుంచే బయల్దేరుతుంది. ఇటలీలోని సస్సారి విశ్వవిద్యాలయం వాళ్లు 2003లో చెవి వెనక ఎముక మీద చిన్న కరెంటు పెట్టి చూస్తే, దాదాపు 11 మిల్లీసెకన్లలో దవడ కండరంలో స్పందన కనిపించింది. రెప్పపాటులో పదో వంతు కూడా కాదు. దవడ కాస్త బిగించి ఉంచితేనే అది దొరుకుతుంది, వదులుగా ఉంటే దొరకదు. కింది దవడ వేలాడే బరువు కదా, మనం గెంతినా పరిగెత్తినా అది టకటక కొట్టుకోకుండా చూడ్డానికే ఈ ఏర్పాటని నా నమ్మకం. బస్సులో కూర్చుని నిద్రపోయేవాళ్ల నోళ్లు చూడండి, కండరం పట్టు వదిలితే దవడ ఎక్కడికి పోతుందో.

ఆ ఇటలీ వాళ్లు కొలిచింది చిన్న అదురే, క్యాప్ విరిచేంత బిగింపు కాదు అని మా అబ్బాయి వాదిస్తాడు. భయానికి ఎవరైనా పళ్లు బిగపడతారంటాడు. నేను ఒప్పుకోను. భయపడ్డానికైనా టైమ్ కావాలి కదా, నా పళ్లు అంతకంటే ముందే బిగిశాయి. పళ్లు కొరుకుతున్నారని వచ్చే ప్రతి మనిషినీ కళ్లు తిరుగుతాయా అని పళ్ల డాక్టర్లు ఒక్క మాట అడిగితే వాళ్ల సొమ్మేం పోతుంది?

మీరు ముందు ఏ పక్కకి తిరిగితే వస్తోందో, ఎంతసేపు ఉంటోందో రాసుకుని ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లండి. మూతి వంకరపోయినా, మాట ముద్దగా వచ్చినా అది చెవి వ్యవహారం కాదు, అప్పటికప్పుడు ఆస్పత్రికి పరిగెత్తాలి. నైట్ గార్డ్ మాత్రం ఇప్పుడే కొనకండి. నాది డబ్బాలోనే ఉంది. జాడీని మాత్రం అటక మీద నుంచి దింపించి బియ్యం డ్రమ్ము పక్కన పెట్టించాను, అత్తగారు రోజూ తుడుస్తున్నారు.