దిగుమతి సుంకం ఎగుమతిదారుకు ఎందుకు తగులుతుంది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: దిగుమతయ్యే చొక్కాల మీద 30 శాతం, గుడ్డ మీద 10 శాతం సుంకం ఉన్నాయనుకుందాం. అప్పుడు చొక్కాలు కుట్టే పరిశ్రమకు విదేశీ పోటీ నుంచి 30 శాతం రక్షణ ఉన్నట్టేనా?

జవాబు: కాదు. కాగితం మీద ఒక్కసారి లెక్క వేసి చూస్తే గాని ఈ సంగతి మనసుకు పట్టదు. ప్రపంచ మార్కెట్లో చొక్కా ధర 100, దానికి పట్టే గుడ్డ, దారం, గుండీల ఖరీదు 60 అనుకోండి. వీటన్నిటి మీదా సుంకం 10 శాతమే అనుకుందాం. కుట్టించేవారికి మిగిలేది 40. కూలి, కరెంటు, అద్దె, వడ్డీ, లాభం అన్నీ ఆ 40లోంచే రావాలి. ఇప్పుడు సుంకాలు కలపండి. దేశంలో చొక్కా ధర 130 అవుతుంది, ముడిసరుకు ఖర్చు 66 అవుతుంది, మిగులు 64కి చేరుతుంది. 40 మిగిలే చోట 64 మిగులుతోందంటే అసలు రక్షణ 60 శాతం. సుంకాల పట్టికలో కనబడేదానికి ఇది రెట్టింపు.

పట్టిక తిరగబడితే ఫలితమూ తిరగబడుతుంది. చొక్కా మీద 20, ముడిసరుకు మీద 40 శాతం వేస్తే ధర 120, ముడిసరుకు 84, మిగులు 36. పేరుకు 20 శాతం రక్షణ ఉన్నా నిజానికి 10 శాతం నష్టమే. 1960లలో బెలా బలాషా, మాక్స్ కోర్డెన్ వంటి ఆర్థికవేత్తలు ఈ లెక్కను స్థిరపరిచారు. దీన్ని ప్రభావ రక్షణ రేటు అంటారు.

అసలు చూడాల్సింది ఎగుమతిదారు పరిస్థితి. మొదటి పట్టికే తీసుకోండి. విదేశీ కొనుగోలుదారు ఇచ్చేది 100 మాత్రమే, మన సుంకాలతో ఆయనకు పని లేదు. గుడ్డ, దారం, గుండీలకు మాత్రం 66 పెట్టాలి. ఆ గుడ్డ దేశంలోని మిల్లులో కొన్నా అంతే, ఎందుకంటే దిగుమతి సరుకు సుంకంతో కలిపి ఎంతకు దొరుకుతుందో మిల్లు కూడా దాదాపు అంత అడుగుతుంది. మిగిలేది 34. అదే చొక్కా దేశంలో అమ్మితే 64, బయట అమ్మితే 34. ఎగుమతులు పెరగకపోతే పరిశ్రమకు నాణ్యత తెలియదనీ చొరవ లేదనీ తప్పు పట్టేముందు ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడాలి.

ప్రశ్న: సుంకాలు పెంచితే దిగుమతులు తగ్గుతాయి, దాంతో వాణిజ్య లోటు కూడా తగ్గాలి కదా?

జవాబు: దిగుమతులు తగ్గేది నిజమే. వాటి వెనకే ఎగుమతులూ తగ్గుతాయి. దిగుమతులు తగ్గితే విదేశీ మారకానికి గిరాకీ తగ్గి, స్వదేశీ కరెన్సీ బలపడుతుంది. ఎగుమతిదారు తెచ్చిన డాలరుకు ఇంతకు ముందుకంటే తక్కువ డబ్బు చేతికొస్తుంది. మారకపు రేటును ప్రభుత్వం కదలనివ్వకపోతే అదే దెబ్బ మరో దారిన తగులుతుంది. రక్షణ ఉన్న రంగాల్లో ధరలు, కూలీ రేట్లు పెరిగి ఎగుమతిదారు ఖర్చు పెరుగుతుంది. దిగుమతి మీద వేసిన పన్ను చివరికి ఎగుమతి మీద వేసిన పన్నులాగే పనిచేస్తుందని ఆర్థికవేత్త అబ్బా లెర్నర్ 1936లోనే చూపించారు.

దేశం మొత్తం పొదుపు కంటే పెట్టుబడి ఎక్కువగా ఉన్నంత కాలం ఆ తేడా బయటి నుంచి రావాల్సిందే. కరెంటు ఖాతా లోటు, అంటే వాణిజ్య లోటుకు సేవలు, వడ్డీల వంటి లెక్కలు కూడా కలిపితే వచ్చే లోటు, అంటే అదే. సుంకం ఆ పొదుపును పెంచితేనో, పెట్టుబడిని తగ్గిస్తేనో తప్ప లోటు తగ్గదు. ఉదాహరణకు, వచ్చిన సుంకం ఆదాయాన్ని ప్రభుత్వం ఖర్చు చేయకుండా తన లోటు తగ్గించుకోవడానికి వాడితే కొంత ఫలితం ఉంటుంది. వచ్చింది వచ్చినట్టు ఖర్చు పెడితే ఏమీ మిగలదు. విదేశీ మారక నిల్వలు ప్రమాదకరంగా పడిపోయినప్పుడు దిగుమతుల్ని తాత్కాలికంగా అదుపు చేయడానికి వర్ధమాన దేశాలకు గాట్ (సుంకాలు, వాణిజ్యం మీద అంతర్జాతీయ ఒప్పందం) 18వ అధికరణం వీలు కల్పిస్తుంది. అది ఆపద గడిచేదాకే. దాన్నే ఏళ్ల తరబడి కొనసాగిస్తే పైన చెప్పిన 34, 64 లెక్క శాశ్వతమైపోతుంది.

ప్రశ్న: ఎగుమతి చేసేవారికి ముడిసరుకు మీద కట్టిన సుంకం తిరిగి ఇచ్చేస్తారు కదా. అలాంటప్పుడు నష్టం ఎక్కడ?

జవాబు: తిరిగి ఇచ్చే పద్ధతిని డ్రాబ్యాక్ అంటారు. సూత్రం మంచిదే, చిక్కంతా అమలులోనే. పై లెక్కలో 100 ధర చొక్కాకు కట్టిన సుంకం 6. అది చేతికి రావడానికి ఆరు నెలలు పట్టి, అప్పు మీద వడ్డీ ఏడాదికి 12 శాతమైతే, 0.36 వడ్డీకే పోతుంది. చొక్కా మీద లాభం 4 అనుకుంటే దాదాపు పదో వంతు ఇలా కరిగిపోయినట్టే.

రెండో చిక్కు రేటు దగ్గర. ప్రతి సరుకుకూ అసలు కట్టిన సుంకాన్ని రసీదులతో రుజువు చేసుకోవడం చిన్న సంస్థలకు తలకు మించిన పని. అందుకని చాలా దేశాలు ఎగుమతి విలువలో ఇంత శాతమని ఒకే రేటు పెడతాయి. ఆ రేటు 4 అయితే ఎగుమతిదారు ఇంకా 2 నష్టపోతాడు. 7 అయితే ఎక్కువిచ్చిన ఆ 1 ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనల ప్రకారం ఎగుమతి సబ్సిడీ కిందికి వస్తుంది, కొనే దేశం దానిమీద ప్రతిసుంకం వేయవచ్చు. కట్టినంత వరకే తిరిగి ఇస్తే అభ్యంతరం ఉండదు. అందువల్ల సుంకాల పట్టిక మారినప్పుడల్లా డ్రాబ్యాక్ రేట్లూ మార్చాలి. ఇది మరిచిపోవడం మామూలైపోయింది.

సుంకం కట్టించుకుని తిరిగి ఇవ్వడం కంటే అసలు కట్టించుకోకపోవడం మేలు. బాండెడ్ గిడ్డంగి పద్ధతి అదే. ముడిసరుకు సుంకం లేకుండా లోపలికి వస్తుంది, తయారైన సరుకు బయటి దేశానికి వెళ్లాక ఆ మేరకు ఖాతాలో కొట్టేస్తారు. ఇక్కడ అంతా వినియోగ ప్రమాణం మీద ఆధారపడుతుంది. చొక్కాకు కత్తిరింపు వృథాతో కలిపి నిజంగా 1.6 మీటర్ల గుడ్డ పడుతుంటే, అధికారిక ప్రమాణం 1.8 మీటర్లని రాస్తే, 10,000 చొక్కాలకు 2,000 మీటర్ల గుడ్డ సుంకం లేకుండా మిగిలిపోతుంది. అది స్థానిక మార్కెట్లోకి జారుకుంటే సుంకం కట్టి కొన్న వ్యాపారి, స్థానిక మిల్లు ఇద్దరూ దెబ్బతింటారు. గుడ్డ మీద సుంకం 10 శాతమైనప్పటి కంటే 40 శాతమైనప్పుడు అలా అమ్ముకోవాలన్న ఆశ చాలా ఎక్కువ. ప్రమాణం 1.5 అని తక్కువ రాస్తే, మిగతా 0.1 మీటరు ఎక్కడికి పోయిందో చెప్పమని నిజాయితీపరుణ్నే నిలదీస్తారు. సైజు, డిజైన్ వారీగా ప్రమాణాలు వేసి, అప్పుడప్పుడు కత్తిరింపు బల్ల దగ్గరే కొలిచి చూసుకోవడం తప్ప దీనికి దగ్గరి దారి లేదు.

ప్రశ్న: బ్యాక్ టు బ్యాక్ ఎల్.సి. అంటే ఏమిటి? పెట్టుబడి లేని చిన్న ఎగుమతిదారుకు అది పనికొస్తుందా?

జవాబు: పనికొస్తుంది. ఎల్.సి. (లెటర్ ఆఫ్ క్రెడిట్) అంటే, చెప్పిన పత్రాలు సరిగ్గా అందిస్తే డబ్బు చెల్లిస్తానని బ్యాంకు ఇచ్చే హామీ. బంగ్లాదేశ్ దుస్తుల పరిశ్రమ 1980లలో లేచి నిలబడటానికి బాండెడ్ గిడ్డంగితో పాటు ఇదీ ఊతమిచ్చింది. విదేశీ కొనుగోలుదారు బ్యాంకు తెరిచిన మొదటి ఎల్.సి. ఆధారంగా ఎగుమతిదారు బ్యాంకు గుడ్డ సరఫరాదారు పేరున రెండో ఎల్.సి. తెరుస్తుంది. దాని చెల్లింపు గడువు 90 లేదా 120 రోజులు పెట్టుకుంటే, చొక్కాల డబ్బు వచ్చాక గుడ్డ డబ్బు కట్టవచ్చు.

చిక్కులు తేదీల దగ్గర, మాటల దగ్గర వస్తాయి. గుడ్డ ఓడెక్కే ఆఖరి తేదీ నిర్ణయించేటప్పుడు ప్రయాణం, కస్టమ్స్, కత్తిరింపు, కుట్టు, ప్యాకింగ్ రోజులన్నీ చొక్కాల షిప్‌మెంట్ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. ఎల్.సి.ల విషయంలో బ్యాంకులు అంతర్జాతీయంగా పాటించే, 2007 నుంచి అమల్లో ఉన్న యు.సి.పి. 600 నియమాల ప్రకారం, ఎల్.సి.లో వేరే గడువు లేకపోతే షిప్‌మెంట్ అయిన 21 రోజుల్లోగా, ఎల్.సి. కాలం తీరకముందే పత్రాలు బ్యాంకుకు చేరాలి. వాటిని పరిశీలించడానికి బ్యాంకుకు ఉండేది 5 పనిదినాలు. ఇంకో సంగతి చాలామంది గమనించరు. గుడ్డను మీటర్లలో రాస్తే, ఎల్.సి. మొత్తం దాటనంత వరకు, పరిమాణంలో 5 శాతం అటూ ఇటూ చెల్లుతుంది. చొక్కాలను ఇన్ని అని లెక్కతో రాస్తే ఆ వెసులుబాటు ఉండదు. విడతలుగా పంపకూడదని ఎల్.సి.లో ఉంటే, 10,000 అని రాసి 9,940 పంపినా పత్రాలు తిప్పికొట్టడానికి అది చాలు. పరిమాణం ముందు 'సుమారు' అన్న అర్థమిచ్చే మాట ఎల్.సి.లోనే పెట్టించుకుంటే 10 శాతం దాకా తేడా చెల్లుతుంది. ఆర్డరు ఖాయమయ్యేటప్పుడే అడగాల్సిన మాట ఇది.

మొదటి ఎల్.సి. డబ్బు రాకపోయినా రెండోదాన్ని బ్యాంకు గడువుకు చెల్లించాల్సిందే. ఆ మొత్తం ఎగుమతిదారు పేరున అప్పుగా పడుతుంది.

ప్రశ్న: ప్రపంచ వాణిజ్య సంస్థలో ఉన్న దేశం తన సుంకాన్ని ఇష్టం వచ్చినట్టు పెంచుకోవచ్చా?

జవాబు: ఒక హద్దు వరకు. ప్రతి దేశం తాను ఒప్పుకున్న ఒక్కో సరుకు మీద ఇంతకు మించి వేయనని మాట ఇస్తుంది. అది బౌండ్ రేటు. నిజంగా వసూలు చేసేది అంతకంటే తక్కువ ఉండవచ్చు. హద్దు 60, వసూలు 20 అయితే 60 దాకా ఎవర్నీ అడక్కుండానే పెంచవచ్చు. అది దాటాలంటే గాట్ 28వ అధికరణం కింద బేరమాడి, నష్టపోయే దేశాలకు మరోచోట రాయితీ ఇవ్వాలి. వెల్లువలా వచ్చిపడే దిగుమతులకు రక్షక సుంకం వేరే దారి. దర్యాప్తు జరిపి, దేశీయ పరిశ్రమకు తీవ్రమైన నష్టం జరిగిందని చూపించాక, మొదట 4 ఏళ్లు, పొడిగిస్తే వర్ధమాన దేశాలకు మొత్తం 10 ఏళ్ల దాకా ఉంచుకోవచ్చు. హద్దుకూ వసూలుకూ మధ్య 40 శాతం ఖాళీ ఉన్నప్పుడు, రేపు గుడ్డ మీద సుంకం ఎంతవుతుందో తెలియక చొక్కాలు కుట్టే యంత్రాల మీద పెట్టుబడి పెట్టేవారు వెనకాడతారు. అందుకే రేటు ఎంతన్నదే కాక, ఎన్నాళ్లు ఉంటుందో ముందుగా ప్రకటించడమూ ముఖ్యమే.