ఊరంతా వైఫై ఉంటే సిమ్ ఎందుకక్కా?

జూన్‌లో కర్నూలు వచ్చాను. సి క్యాంపు దగ్గర మా ఇంట్లో పొద్దున ఉగ్గాని తింటుంటే మా చిన్నాన్న కొడుకు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆగస్టులో ఎం.ఎస్.కి డాలస్ పోతున్నాడు. వీసా వచ్చింది, టికెట్ అయింది. వాడి సందేహం ఒక్కటే.

"అక్కా, అక్కడ క్యాంపస్‌లో వైఫై, గదిలో వైఫై, ఊరంతా ఫ్రీ వైఫై ఉంటుందంట కదా. వాట్సాప్‌లో మాట్లాడుకుంటే సరిపోదా? నెలనెలా సిమ్‌కు డాలర్లు ఎందుకు కట్టాలి?"

చిన్నాన్న పేపర్ చదువుతున్నట్టే ఉన్నాడు గానీ చెవి ఇటే వేసి ఉన్నాడు. వాడి చదువుకు లోను తీసుకున్నది ఆయన. అందుకే ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోలేదు. ఏటా ఆగస్టు ముందర ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. వాడికి చెప్పిందే ఇక్కడ ఇంకాస్త వివరంగా రాస్తున్నాను.

నువ్వు చేసే కాల్‌కు వైఫై చాలు. నీకు వచ్చే కాల్‌కు చాలదు. కాబట్టి మాట్లాడటం వీలైనంత ఇంటర్నెట్‌లోనే కానివ్వు, కానీ చవకలో ఒక సిమ్ మాత్రం తప్పకుండా ఉంచుకో.

నేను 2013లో అమెరికా పోయినప్పుడు వాడిలాగే ఆలోచించాను. నెలకు 50 డాలర్ల ప్లాన్ చూసి, అప్పటి లెక్కన మూడు వేల రూపాయలని గుండె గుభేలుమంది. సిమ్ వద్దనుకొని, ఒక యాప్‌లో ఊరికే వచ్చే అమెరికా నంబర్ తీసుకున్నాను. గదిలో, లైబ్రరీలో బాగానే మోగేది. మూడు వారాలకు క్యాంపస్ డైనింగ్ హాల్‌లో పార్ట్‌టైమ్ పనికి దరఖాస్తు పెట్టాను. వాళ్లు కాల్ చేసినప్పుడు నేను బస్సులో ఉన్నాను. గదికి చేరి ఫోన్ వైఫైకి తగులుకున్నాకే వాయిస్ మెయిల్ కనబడింది. తిరిగి చేస్తే ఆఫీసు మూసేశారు. మర్నాడు పొద్దున్నే పరిగెత్తుకుంటూ పోయాను, ఆ షిఫ్టు అప్పటికే ఇంకో అమ్మాయికి ఇచ్చేశారు. గంటకు 8 డాలర్లు, వారానికి 20 గంటలు. నెలకు 50 మిగుల్చుకోబోయి 640 పోగొట్టుకున్నాను. ఆ రాత్రి అమ్మతో మాట్లాడుతూ ఆ సంగతి చెప్పలేకపోయాను.

ఊరంతా వైఫై పరిచి ఫోన్ కంపెనీల అవసరమే లేకుండా చేద్దామన్న ఆశ ఈనాటిది కాదు. ఫిలడెల్ఫియా నగరం దాన్ని గట్టిగా నెత్తికెత్తుకుంది. 135 చదరపు మైళ్ల ఊరు. వీధి దీపాల స్తంభాలకు పెట్టెలు బిగించి ఊరు మొత్తానికీ చవకగా ఇంటర్నెట్ ఇస్తామని ఎర్త్‌లింక్ అనే కంపెనీ 2006లో నగరంతో ఒప్పందం చేసుకుంది, 2008లో తప్పుకుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో గూగుల్, ఎర్త్‌లింక్ కలిసి అనుకున్న పథకం 2007లో మొదలవకుండానే ఆగిపోయింది. షికాగో కూడా అదే ఏడాది మానుకుంది. గూగుల్ తన సొంత ఊరు మౌంటెన్ వ్యూలో 2006లో పెట్టిన ఉచిత వైఫైని 2014లో తీసేసింది. న్యూయార్క్‌లో మాత్రం పాత పే ఫోన్లు ఉన్నచోట 2016 నుంచి లింక్ ఎన్‌వైసీ స్తంభాలు నిలబెట్టారు. వైఫై ఉచితం, దేశంలో ఎక్కడికైనా కాల్ కూడా ఉచితం. నిజంగా మంచి పని. కానీ స్తంభానికి కాస్త దూరం పోతే సిగ్నల్ ఉండదు.

అచ్చంగా వైఫై మీదే నడిచే ఫోన్ కూడా వచ్చింది. న్యూయార్క్ చుట్టుపక్కల కేబుల్ కనెక్షన్లిచ్చే కేబుల్‌విజన్ 2015లో ఫ్రీవీల్ అని తెచ్చింది. నెలకు 29.95 డాలర్లు, వాళ్ల ఇంటర్నెట్ ఉన్న ఇళ్లకు 9.95. ఇళ్లలో పెట్టిన రౌటర్లతో కలిపి వాళ్లకు పది లక్షలకు పైగా హాట్‌స్పాట్లు ఉండేవి. అంత ఉన్నా 2016లో మూతపడింది. ముందు వైఫై వెతికి, దొరకనప్పుడు సెల్ టవర్‌కు మారే గూగుల్ ఫై లాంటివి మాత్రం నిలబడ్డాయి.

ఎందుకిలా అంటే, సెల్ టవర్ ఒకటి కిలోమీటర్ల మేర చూసుకుంటుంది. నువ్వు దాని హద్దు దాటబోతుంటే పక్క టవర్‌కు ముందే కబురు పెట్టి, చోటు సిద్ధం చేయించి అప్పజెబుతుంది. వరసలో నిలబడి బిందెలు అందించుకున్నట్టు, అవతలి చెయ్యి చాచి ఉందని చూసుకొనే ఇవతలి చెయ్యి వదులుతుంది. వైఫైలో ఆ పెత్తనం నెట్‌వర్క్‌ది కాదు. ఎప్పుడు మారాలో నీ ఫోనే తేల్చుకోవాలి. అది పాత సిగ్నల్‌నే పట్టుకొని చివరిదాకా వేలాడుతుంది. ఒక్కో పెట్టె పరిధి పదుల మీటర్లే. పైగా ఆ తరంగాలకు లైసెన్సు అక్కర్లేదు కాబట్టి పక్కింటి రౌటర్, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ అక్కడే తొక్కిసలాడతాయి. కాఫీ షాపు వైఫైలో అయితే ముందు "ఒప్పుకుంటున్నాను" అని నొక్కే పేజీ వస్తుంది. అది నొక్కేదాకా నీకు కాల్ రాదు. మా డైనింగ్ హాల్ కాల్ పోయింది ఇలాంటి సందులోనే.

మాటకు పెద్ద స్పీడ్ కూడా అక్కర్లేదు. సెకనుకు 100 కిలోబిట్ల లోపే సరిపోతుంది. కావాల్సింది నిలకడ. మాట అవతలి చెవికి చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకపోతే మంచిదని అంతర్జాతీయ టెలికాం యూనియన్ చెబుతుంది. అది దాటేకొద్దీ ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఇద్దరూ ఒకేసారి ఆగుతారు. నిజానికి ఫోన్ కంపెనీలు కూడా ఇప్పుడు చేస్తున్నది ఇంటర్నెట్ కాలింగే. 2016 సెప్టెంబరు 5న జియో మొదలైనప్పటి నుంచీ దాని మీద మాట్లాడే ప్రతి మాటా డేటాగానే పోతోంది. తేడా అల్లా ఆ డేటాకు టవర్ దగ్గర ప్రత్యేకంగా దారి ఉంటుంది.

కాబట్టి చెయ్యాల్సింది ఇది. ఏటీ అండ్ టీ, వెరైజన్, టీ-మొబైల్ అనే మూడు పెద్ద కంపెనీల నెట్‌వర్క్‌ను అద్దెకు తీసుకొని ప్రీపెయిడ్ అమ్మే చిన్న కంపెనీలు ఉన్నాయి. నెలకు 15 నుంచి 25 డాలర్లలో దొరుకుతుంది, కొద్దిపాటి డేటా చాలనుకుంటే ఇంకా తక్కువే. అందులో వైఫై కాలింగ్ ఉందో లేదో అడిగి తీసుకో. అది ఉంటే నీ మామూలు నంబరే గది వైఫై మీద మోగుతుంది. సిగ్నల్ అందని బేస్‌మెంట్ గదుల్లో ఇదే దిక్కు.

నేను ఇప్పుడు కర్నూల్లో మిద్దె మీద గదిలో కూర్చుని నాయన పెట్టించిన బ్రాడ్‌బ్యాండ్ మీద అమెరికా నంబర్ వాడుతున్నాను. మొన్న రాత్రి పదిన్నరకు మా పాప స్కూల్ నుంచి ఫోన్ వచ్చింది. నేను ఇండియాలో ఉన్నానని చెప్పేదాకా వాళ్లకు తెలియదు. అన్ని కంపెనీలూ మన దేశంలో ఇది పనిచేయనివ్వవు, బయల్దేరే ముందే కనుక్కోవాలి.

ఇక 911, అంటే అక్కడ పోలీసుకైనా అంబులెన్సుకైనా చేసే నంబర్. వాట్సాప్ నుంచి 911కు కాల్ పోదు, ఉచితంగా వచ్చే గూగుల్ వాయిస్ నంబర్ నుంచీ పోదు. సిమ్ లేని ఫోన్ నుంచైనా సెల్ సిగ్నల్ ఉంటే 911 కలపాలని అక్కడ నియమం ఉంది. కానీ కాల్ మధ్యలో తెగితే వాళ్లు నీకు తిరిగి చెయ్యలేరు. వైఫై కాలింగ్ ఆన్ చేసేటప్పుడు ఎమర్జెన్సీ అడ్రస్ అడుగుతుంది. వైఫై మీద నువ్వెక్కడున్నావో తెలియకపోతే వాళ్లు చూసేది ఆ అడ్రసే. నేను రెండు ఇళ్లు మారాక ఒకరోజు సెట్టింగ్స్ తెరిచి చూస్తే మొదటి అపార్ట్‌మెంట్ నంబరే ఉంది. అప్పటికి పాప పుట్టి ఐదు నెలలు. ఆ నిమిషం నాకు కాళ్లు చల్లబడ్డాయి. ఇల్లు మారిన రోజే అది మార్చు, తమ్ముడూ.

బ్యాంకు ఓటీపీలు ఇంకో టెన్షన్. ఇంటర్నెట్ నంబర్లకు చాలా బ్యాంకులు ఓటీపీ పంపవు. స్కైప్ నంబర్‌ను సొంత నంబర్‌లా వాడుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. 2003లో వచ్చిన స్కైప్‌ను మైక్రోసాఫ్ట్ 2025 మేలో మూసేసింది. బ్యాంకు, ఉద్యోగం, అద్దె ఇల్లు అన్నీ ఒక నంబర్‌కు ముడిపడతాయి. ఆ నంబర్ గట్టిగా ఉండాలి.

మన ఇండియా నంబర్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రీఛార్జ్ ఆపేస్తే కొన్నాళ్లకు అది ఇంకొకరికి పోతుంది, దాంతోపాటు నీ వాట్సాప్, నీ లోను బ్యాంకు ఓటీపీ కూడా. అక్కడ ఐఫోన్ కొనాలనుకుంటుంటే, ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఫోన్లకు సిమ్ పెట్టే అర లేదు. ఇక్కడి నంబర్‌ను బయల్దేరే ముందే ఈసిమ్‌గా, అంటే చిప్పు లేకుండా ఫోన్‌లోనే ఎక్కించే సిమ్‌గా, మార్పించుకో. అక్కడికి పోయాక మార్పించడం పెద్ద తలనొప్పి.

దుబాయ్ పోయేవాళ్లకు వేరే మాట. అక్కడ వాట్సాప్‌లో మెసేజ్ పోతుంది గానీ కాల్ కలవదు. బోటిమ్ లాంటి, ప్రభుత్వం అనుమతించిన యాప్‌లే వాడాలి. ఇంట్లోవాళ్ల ఫోన్లలో అది ముందే పెట్టించి పోవాలి.

ఇదంతా విని వాడు ఇంకో మాట అడిగాడు. "ఇంటికి చెయ్యడానికైతే వాట్సాప్ చాలు కదా?" మామూలు రోజుల్లో చాలు. కానీ 2009 అక్టోబరు 2న కర్నూలుకు వరద వచ్చింది. అప్పుడు మా ఇల్లు పాతబస్తీలో, తుంగభద్రకు దగ్గర. నీళ్లు ఇంట్లోకి వచ్చేసరికి మేమంతా మిద్దె ఎక్కాం. ల్యాండ్‌లైన్ మునిగింది, సెల్‌లో సిగ్నల్ లేదు. అన్న అమెరికాలో ఉన్నాడు. అన్న దగ్గర ఎంత మంచి ఇంటర్నెట్ ఉంటే ఏం లాభం, ఇటువైపు మోగేది ఏదీ లేదు. డోన్‌లో ఉండే మామ మనిషిని పంపి మమ్మల్ని కనుక్కొని అన్నకు కబురు చెప్పేసరికి రెండు రోజులైంది. అందుకే కర్నూలు బయట ఉండే ఒక బంధువు నంబర్, మామూలు ఫోన్ నంబర్, రాసి పెట్టుకోమన్నాను. వాడు మామ నంబర్ అప్పుడే ఎక్కించుకున్నాడు.

వంటింటి గడప మీద బొరుగులు ఏరుతూ అంతా వింటున్న అవ్వ అప్పుడు నోరు విప్పింది. "మరి నాకెట్ల చేస్తావురా? నా ఫోన్లో బొమ్మ రాదు గదా." అవ్వది బటన్ల ఫోన్. ఇంటర్నెట్ నుంచి మామూలు ఫోన్‌కు కాల్ చేసే యాప్‌లో కొన్ని డాలర్లు వేసుకుంటే చాలు, నిమిషానికి సెంట్లలోనే పోతుంది. అవతల అవ్వకు మామూలుగానే మోగుతుంది. తెలియని నంబర్ ఎత్తదు కాబట్టి యాప్ నుంచి ఏ నంబర్ కనబడుతుందో ముందే చూసి, అవ్వ ఫోన్లో వాడి పేరుతో సేవ్ చేసి పొమ్మన్నాను. అవ్వ రాత్రి ఎనిమిదిన్నరకు పడుకుంటుంది. ఇక్కడ ఎనిమిదంటే ఆగస్టులో డాలస్‌లో పొద్దున తొమ్మిదిన్నర. క్లాసుకు పోయే ముందు చేస్తానన్నాడు. అవ్వ ఫోన్ వాడి చేతికిచ్చి, "ఇప్పుడే ఎక్కించు" అంది.