అర్బన్ డిజైన్‌లో ఏ అంశాలుంటాయి? ఆ పని ఏ వరుసలో సాగుతుంది?

మాస్టర్ ప్లాన్ ఉండగా అర్బన్ డిజైన్ వేరుగా ఎందుకు, అందులో ఏయే అంశాలుంటాయి, పని ఎలా సాగుతుంది అని అడిగారు. హైదరాబాద్‌లో వీధులను తీర్చిదిద్దే పనుల్లో ఆర్కిటెక్ట్‌గా పాల్గొన్న అనుభవంతో జవాబిస్తున్నాను.

ఏ భూమిని దేనికి వాడాలో, ఏ రోడ్డు ఎంత వెడల్పు ఉండాలో మాస్టర్ ప్లాన్ నిర్ణయిస్తుంది. ఆ రోడ్డు వెంట నడిచే మనిషికి నీడ ఎక్కడ దొరుకుతుందో, ఫుట్‌పాత్ నుంచి దుకాణంలోకి ఎన్ని మెట్లు ఎక్కాలో అది చెప్పదు. భవనాల నడుమ మిగిలే ఆ జాగాను మనుషులకు అనువుగా మలచడమే అర్బన్ డిజైన్ పని.

అంశాల విషయానికి వస్తే, అమెరికన్ నగర ప్రణాళికా నిపుణుడు కెవిన్ లించ్ 1960లో ప్రతిపాదించిన ఐదింటిని, అంటే దారులు, అంచులు (నది, గోడ లాంటి హద్దులు), పేటలు, కూడళ్లు, ఆనవాళ్లను (దూరం నుంచే గుర్తుపట్టే కట్టడాల్లాంటివి), ఈ చదువు చదివేవారందరూ నేర్చుకుంటారు. మూసీ ఒడ్డు నుంచి చార్మినార్ దాకా ఒక్కసారి నడిస్తే ఇవన్నీ కనిపిస్తాయి. అయితే ఆ దారిలోని పత్తర్‌గట్టీ బజారు వీధి నేర్పేది ఇంకా ఎక్కువని నా అభిప్రాయం. 1908 మూసీ వరద తరువాత, 1912లో ఏర్పాటైన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఆ వీధికి ఇరువైపులా ఒకే తీరున రాతి కమానుల వరుస కట్టించింది. కమానుల వెనుక నడవా, ఆ వెనుక దుకాణాలు. ఎవరి స్థలంలో వారు తోచినట్టు కట్టుకుంటే అలాంటి ఉమ్మడి నీడ ఏర్పడదు. వీధి మొత్తానికి వర్తించే నియమం ఉంటేనే అది సాధ్యం.

ఇక ప్రక్రియ. సర్వే, విశ్లేషణ, ప్రత్యామ్నాయాలు, స్థానికులతో చర్చ, వివరమైన డ్రాయింగులు, టెండరు, నిర్మాణం, నిర్వహణ అనేది పుస్తకాల్లోని వరుస. వాస్తవంలో చర్చ ముగిశాక మళ్లీ సర్వేకే వెళ్లవలసి వస్తుంది, అయినా అన్నింటికన్నా తక్కువ గడువు ఇచ్చేది సర్వేకే. నేను పనిచేసిన ఒక రోడ్డులో ఫుట్‌పాత్ కాగితం మీద రెండు మీటర్లు; రోడ్ల ప్రమాణాలు రూపొందించే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కోరే 1.8 మీటర్ల అడ్డులేని వెడల్పు కంటే ఎక్కువే. అక్కడికి వెళ్లి చూస్తే ట్రాన్స్‌ఫార్మర్ కంచెకూ వేపచెట్టు మొదలుకూ మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి దూరవలసిన సందే మిగిలింది. బస్ షెల్టర్ ఎండలో ఖాళీగా ఉంటే, జనమంతా కాస్త ఇవతల ఆ వేపచెట్టు కిందే నిలబడుతున్నారు, టీ బండీ అక్కడే, బస్సూ అక్కడే ఆగుతోంది. అందుకే షెల్టర్‌ను చెట్టు దగ్గరికి జరిపి, కార్లు నిలిపే వరుసను కొంత మేర తీసేసి ఫుట్‌పాత్‌ను ముందుకు పెంచి, టీ బండి లాంటి తోపుడు బండ్లకు చోటు గుర్తించాలని ప్రతిపాదించాం. వీధి వ్యాపారులకు 2014 చట్టం రక్షణ కల్పిస్తోంది కనుక, వారిని డ్రాయింగు నుంచి తొలగించడం న్యాయమూ కాదు, ఆచరణలో నిలిచేదీ కాదు.

భూమి లోపలి సంగతి కూడా సర్వేలో భాగమే. మంచినీటి గొట్టాలు, మురుగు కాలువలు, కరెంటు కేబుళ్లు ఎక్కడెక్కడ పోతున్నాయో ఆయా శాఖల నక్షాలతో సరిచూసుకుని, అనుమానమున్న చోట చిన్న గుంతలు తవ్వి నిర్ధారించుకున్నాకే ఫుట్‌పాత్ రాళ్లు పరచాలి. కేబుళ్ల కోసం ముందే ఖాళీ గొట్టాలు వేసి ఉంచాలి. లేకపోతే కొత్తగా పరిచిన రాళ్లను కొద్ది నెలల్లోనే ఎవరో ఒకరు పెకలిస్తారు, వాటిని తిరిగి అమర్చే బాధ్యత ఎవరిదో టెండరులో ఎక్కడా రాసి ఉండదు.