పాత బెంజ్ ఈ-క్లాస్‌ని గోదావరి డెల్టాలో పోషించగలమా?

మీరడిగింది 2012 మోడల్ బెంజ్ ఈ250 సీడీఐ గురించి. హైదరాబాద్ రిజిస్ట్రేషన్, ఇప్పుడు విజయవాడలో ఒక డీలరు దగ్గరుంది, మీటరు 98 వేలు చూపిస్తోంది, కొత్త చిన్న కారు ధరకే ఇస్తానంటున్నాడు. పాలకొల్లులో ఉంటూ దీన్ని పోషించగలనా అన్నారు. పోషించగలరండి. ఇంజిన్, బాడీ రెండూ గట్టివే. కాకపోతే మన డెల్టాలో ఈ బళ్ళని తిరిగిన కిలోమీటర్ల కంటే నీళ్ళే ఎక్కువ తినేస్తాయి: వాన నీళ్ళు, వరద నీళ్ళు, ఉప్పు నీళ్ళు. కొనేటప్పుడూ, కొన్నాకా మీ కన్ను దాని మీదే ఉండాలి.

ముందు మునిగిన బండా కాదా తేల్చండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో కార్లు రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయాయి. అలాంటి బళ్ళు కడిగి, పాలిష్ పట్టి, మళ్ళీ అమ్మకానికి వస్తుంటాయి. సీటు బెల్టు మొత్తం బయటికి లాగి ఆఖరి జానెడు చూడండి. పైపైన కడిగేవాళ్ళు రీలులో చుట్టుకున్న ఆ భాగం దాకా వెళ్ళరు. అక్కడ బురద చార, ముక్కిపోయిన వాసన ఉంటే ఇక ఆ బండి మాట వద్దు. సీటు ముందుకి జరిపి పట్టాల బోల్టులు తుప్పు పట్టాయా చూడండి. డ్రైవరు కాళ్ళ దగ్గర కార్పెట్ అంచు ఎత్తి, కింద ఉన్న ఫోమ్‌ని గట్టిగా నొక్కండి. పైన కార్పెట్ ఎండిపోయినా ఆ మందపాటి ఫోమ్ నెలల తరబడి తడి పట్టుకునే ఉంటుంది. వైర్ల కనెక్టరు ఒకటి ఊడదీసి పిన్నుల మీద పచ్చటి చిలుము ఉందేమో చూడండి. మునిగిన బండి అని అనుమానమొస్తే సగం ధరకిచ్చినా తీసుకోకండి. చిలుము వైరు తొడుగు లోపల్లోపలే పాకుతుంది, ఇవాళ అన్నీ పనిచేసినా ఏడాది రెండేళ్ళలో ఒక్కో ఎలక్ట్రానిక్ మాడ్యూలూ పడిపోతుంది, దానికి అంతుండదు. బండి నంబరు మీద పాత ఇన్సూరెన్స్ క్లెయిములు కూడా అడగండి.

రెండోది వెనక సబ్‌ఫ్రేము, అంటే వెనక సస్పెన్షన్‌ని మోసే ఇనప చట్రం. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే దేశాల్లో ఈ తరం బెంజ్‌లకి వెనక సబ్‌ఫ్రేములు లోపల్నుంచి తుప్పు పట్టి చిల్లులు పడ్డాయి. మన దగ్గర మంచు లేదు గానీ భీమవరం, ఆకివీడు, నరసాపురం రోడ్ల మీద చేపల లారీల నుంచి కారే నీళ్ళున్నాయి, సముద్రపు గాలి ఉంది. బండిని ర్యాంపు మీదికి ఎక్కించి, సబ్‌ఫ్రేము చుట్టూ స్క్రూడ్రైవరు పిడితో కొట్టుకుంటూ వెళ్ళండి. గట్టి చోట ఖణేల్ మంటుంది, తుప్పు తిన్న చోట మొద్దుగా పలుకుతుంది, పొర రాలుతుంది. బాగుంటే కొన్న నెలలోనే దాని రంధ్రాల్లోంచి లోపలికి క్యావిటీ వ్యాక్స్ (తుప్పుని ఆపే మైనం) కొట్టించండి. బయట నల్లరంగు పూస్తే సరిపోదు, తుప్పు మొదలయ్యేది లోపల.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మొదటి స్టార్టు వినాలి. ‘ముందే స్టార్ట్ చేసి ఉంచకండి’ అని చెప్పి వెళ్ళండి, వెళ్ళాక బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. ఈ బండిలో ఉన్న ఓఎం651 డీజిల్ ఇంజిన్‌లో, వాల్వులని నడిపే టైమింగ్ చైను వెనకవైపు, గేర్‌బాక్స్ పక్కన ఉంటుంది. స్టార్ట్ చేయగానే అక్కడి నుంచి రెండు మూడు క్షణాలు గలగలమంటే చైను సాగిందనో, దాన్ని బిగుతుగా ఉంచే టెన్షనరు నీరసించిందనో అర్థం. చైను పళ్ళ చక్రం మీద ఒక పన్ను జారితే వాల్వులు పిస్టన్లకి తగులుతాయి, అప్పుడు ఖర్చు ఇంజిన్ ధర దాకా పోతుంది. తర్వాత ఇంజిన్ పైన ప్లాస్టిక్ కవరు లాగి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల మొదట్లో చూడండి. నల్లటి తారు పేరుకుని ఉంటే కింద రాగి వాషరు లీకవుతోంది. ఇంజెక్టరు పీకి, అది కూర్చునే గుంట శుభ్రం చేసి, కొత్త వాషరు, కొత్త బోల్టు వేయాలి. పాత బోల్టు బిగిస్తే సాగి మళ్ళీ వదులవుతుంది. ఈ ఇంజిన్ మొదటి బ్యాచుల్లో పీజో ఇంజెక్టర్లు చాలా పోయాయి, కాబట్టి ఇంజెక్టర్లు మార్చిన బిల్లు ఉందేమో కూడా అడగండి.

గేర్‌బాక్స్ దగ్గర తొందరపడకండి. ఈ మోడల్ మొదటి బళ్ళలో 5 గేర్ల ఆటోమేటిక్, తర్వాతి వాటిలో 7 గేర్లది. 5 గేర్ల దానికి సాధారణంగా వచ్చేది చిన్న జబ్బే: గేర్‌బాక్స్ పక్కన 13 పిన్నుల కనెక్టరు ఓ-రింగులు గట్టిపడి లీకవుతాయి, ఆ నూనె వైరు వెంట పాకి కంట్రోల్ యూనిట్ దాకా వెళ్తుంది. యూనిట్ ప్లగ్గు పీకితే లోపల ఎర్రటి తడి కనబడుతుంది. కనెక్టరు చౌక, కంట్రోల్ యూనిట్ చౌక కాదు. 7 గేర్ల దానిలో కంట్రోల్ యూనిట్, స్పీడు సెన్సార్లు గేర్‌బాక్స్ లోపలే నూనెలో ఉంటాయి. సెన్సారు పోతే బండి ఒకే గేర్‌లో ఇరుక్కుంటుంది, ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే కాసేపు బాగుంటుంది. డీలరు ‘అబ్బే, బ్యాటరీ వీకండీ’ అంటే నమ్మకండి, బండి కంప్యూటర్లో లోపాలు చదివే స్కానర్ పెట్టమనండి. ఆ యూనిట్ దొంగతనాల భయంతో కోడింగు పెట్టిన భాగం, తుక్కు బండిలోది తెచ్చి బిగిస్తే పనిచేయదు.

గేర్‌బాక్స్ నూనెకి 60 వేల కిలోమీటర్లు హద్దు పెట్టుకోండి, మన ఎండలకి అంతకు మించి వద్దు. పాన్ (గేర్‌బాక్స్ కింది తొట్టి) విప్పితే దిగేది సుమారు 5 లీటర్లే, మిగతాది టార్క్ కన్వర్టర్లో ఉండిపోతుంది. ఫిల్టరు, గాస్కెట్ తప్పక కొత్తవి. 7 గేర్లలో పాత రకానికి ఎర్ర నూనె, డబ్బా మీద బెంజ్ నంబరు 236.14; తర్వాత వచ్చిన ‘ప్లస్’ రకానికి నీలం నూనె, 236.15. రెండూ కలపకూడదు. ఈ 7 గేర్ల దానికి నూనె కొలిచే డిప్‌స్టిక్ ఉండదు: ఇంజిన్ నడుస్తుండగా నూనె 45 డిగ్రీలకి వచ్చినప్పుడు పాన్‌లోని గొట్టం నుంచి సన్నగా కారితే లెవెల్ సరిపోయినట్టు. ఆ ఉష్ణోగ్రత స్కానర్‌లోనే కనబడుతుంది. చేత్తో తాకి అంచనా వేసే మెకానిక్ చేతిలో గేర్‌బాక్స్ పెట్టకండి.

కొన్న వారంలోనే చేయించాల్సినవి: ఇంజిన్ ఆయిల్ 6.5 లీటర్లు, 5డబ్ల్యూ-30, డబ్బా మీద 229.51 లేదా 229.52 అని ఉండాలి. ఆయిల్, ఎయిర్, క్యాబిన్, డీజిల్ ఫిల్టర్లు నాలుగూ. కూలెంట్ నీలం రంగుది, 325.0 అని రాసి ఉన్నది, డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం. బజార్లో దొరికే పచ్చ కూలెంట్ కలిపితే మడ్డి కట్టే ప్రమాదం ఉంది. బ్రేక్ ఫ్లూయిడ్ డాట్ 4 ప్లస్, రెండేళ్ళకోసారి. మన తేమకి అది నీళ్ళు పీల్చుకుని ఏబీఎస్ వాల్వులని లోపల్నుంచి తుప్పు పట్టిస్తుంది. చక్రాలకి స్టడ్లు ఉండవు, బోల్టులే. 130 న్యూటన్ మీటర్లకి టార్క్ రెంచితో బిగించాలి, పంక్చరు షాపులో గన్నుతో కాదు. స్పేర్లు 17 అక్షరాల ఛాసిస్ నంబరు చెప్పి తెప్పించుకోండి. ఫిల్టర్లకి మాన్ కంపెనీవి, సస్పెన్షన్ లోయర్ ఆర్ములకి లెమ్‌ఫోర్డర్ కంపెనీవి బాగుంటాయి.

ఇక రోజువారీ పనులు. బండి ఇంట్లో బోరు నీళ్ళతో కడగకండి. సముద్రం వైపు ఊళ్ళలో చాలా బోర్లు ఉప్పువి, ఆ నీళ్ళతో కడిగితే కింద ఉప్పు పూత వేసినట్టే. కాలవ నీళ్ళో, మున్సిపల్ నీళ్ళో పట్టి పెట్టుకోండి. ఎండాకాలం కాలవలు కట్టేశాక పైన కడగడం మానేసినా పర్వాలేదు, కింద మాత్రం నెలకోసారి మంచినీళ్ళతో కడగాలి. విండ్‌షీల్డ్ కింద నల్ల ప్లాస్టిక్ తొట్టిలో బాదం ఆకులు, కొబ్బరి పీచు చేరి నీళ్ళు పోయే కన్నాలు మూసుకుంటాయి. అప్పుడు వాన నీళ్ళు క్యాబిన్ ఫిల్టరు మీదుగా బ్లోయర్‌లోకి దిగుతాయి. జూన్ మొదట్లో ఒకసారి, అక్టోబరు తుపాన్లకి ముందు ఒకసారి ఆకులు తీసి కన్నాలు పొడవండి. సన్‌రూఫ్ ఉంటే నాలుగు మూలల డ్రెయిన్ గొట్టాలూ చూడాలి. గ్లాసుడు నీళ్ళు పోస్తే కింద చక్రాల దగ్గర కారాలి. ఆ గొట్టాల్లోకి గాలి కొట్టేటప్పుడు ఒత్తిడి ఎక్కువ పెడితే లోపల గొట్టం ఊడి నీళ్ళు సీటు కిందికి వస్తాయి.

నూర్పిళ్ళప్పుడు రోడ్డు మీద గడ్డి పరిచి ఉంటే చుట్టూ తిరిగైనా వెళ్ళండి. ఈ బండి కింద ట్రేకి, సైలెన్సర్‌కి మధ్య గడ్డి ఇరుక్కుంటే అంటుకుంటుంది. తప్పక తొక్కాల్సి వస్తే ఊరు దాటాక ఆపి కింద చూసి పీకేయండి. కోతలయ్యాక చేలో ఎలుకలు షెడ్డులోకొస్తాయి, వైర్లు కొరుకుతాయి. స్ప్రేల మీద డబ్బు తగలేయకండి. ఇంజిన్ కింద ట్రే పగిలితే కొత్తది వేయించి, ఖాళీల్లో సన్న ఇనప మెష్ కట్టించండి. నాకు నమ్మకమున్నది అదొక్కటే.

రోడ్డు మీద నీళ్ళు చక్రం మధ్యభాగాన్ని దాటితే వెనక్కి తిరగండి. నీళ్ళలో ఇంజిన్ ఆగిపోతే మాత్రం సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్‌లోకి నీళ్ళు చేరి ఉంటే ఒక్క సెల్ఫ్‌కే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నెట్టించి ఒడ్డుకి తీసి, టో బండి మీద పంపండి.

ఏసీ గ్యాసు గేజు చూసి అంచనాగా పట్టే చోట పట్టించకండి, బానెట్ కింద స్టిక్కరు మీదున్న గ్రాముల ప్రకారం తూకం వేసి పట్టించాలి. తాళం పెట్టినా కొన్నిసార్లు డ్యాష్‌బోర్డు వెలగకపోతే, స్టీరింగ్ లాక్ లోపలి చిన్న మోటారు అరిగినట్టు. ఇంకా అప్పుడప్పుడైనా వెలుగుతున్న రోజుల్లోనే మార్పించండి. పూర్తిగా లాకై ఆగిపోతే దాన్ని డ్రిల్ చేసి తీయాల్సి వస్తుంది.

కాగితాల సంగతి. నంబరు ఏపీ 09 అనో ఏపీ 28 అనో ఉన్నంత మాత్రాన అది మన రాష్ట్రం బండి కాదు. 2014కి ముందు హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో ఇచ్చిన నంబర్లవి. రికార్డు ఇప్పుడు తెలంగాణలో ఉంటుంది, అక్కడి ఎన్ఓసీ కావాలి. ఎన్ఓసీకి ఫారం 28, పేరు మార్పుకి 29, 30, లోను ఉండి తీరినదైతే ఫారం 35 డీలరు చేతే పెట్టించి, మిగిలిన డబ్బు ఎన్ఓసీ చేతికొచ్చాకే ఇవ్వండి. లైఫ్ ట్యాక్స్ ఎంతవుతుందో ఆర్టీఓ ఆఫీసులో ముందే అడగండి. ఇంకొకటి, 2012లో రిజిస్టరయిన బండికి 15 ఏళ్ళు 2027లో నిండుతాయి. ఆ తర్వాత ఫిట్‌నెస్ చేయించి, ఫారం 25తో రెన్యువల్ చేసుకోవాలి. ఆ ఖర్చు, పైన చెప్పిన మొదటి సర్వీసు ఖర్చు, రెండూ లెక్కేసి డీలరు చెప్పిన ధరలోంచి తీసేసి బేరం మొదలుపెట్టండి. నా లెక్కలో ఇలాంటి బండికి కొన్న ధరలో మూడో వంతు మొదటి ఏడాది మరమ్మతులకి విడిగా చేతిలో ఉండాలి. అంత లేకపోతే ఈ బండి ఇప్పుడు వద్దండి.